పాటపై హక్కులు, వాని పేర్లు

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపము' విననివారు తెలుగునాట అరుదు. గుంటూరు జిల్లా కొమ్మూరున 1912లో జన్మించి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు బోధించిన ఆ కవి పద్యములు పుస్తకమునుండి ఘంటసాల వేంకటేశ్వరరావు గారి కంఠమునకును, ఆ కంఠమునుండి గ్రామఫోను రికార్డునకును, రికార్డునుండి ఊరూరి పందిళ్లకును చేరినవి. శ్రోతకు అది ఒకే పాట. న్యాయశాస్త్రమునకు మాత్రము అది ఒకటి కాదు, నాలుగు. పద్యములు సాహిత్యరచన. వానికి కూర్చిన బాణీ సంగీతరచన. గాయకుడు పాడిన పాట ప్రదర్శనము. ఆ గానమును పట్టి నిలిపిన రికార్డు ధ్వనిముద్రణము. ఈ నాలుగింటికిని నాలుగు వేర్వేరు హక్కులు, వేర్వేరు కాలపరిమితులు కలవు.

కవి 1992లో దివంగతులైరి. మన చట్టము ననుసరించి సాహిత్యరచనపై స్వామ్యము, రచయిత మరణించిన సంవత్సరము ముగిసిన పిమ్మట 60 సంవత్సరములు నిలుచును. అనగా ఆ పద్యములపై స్వామ్యము 2052 చివరవరకు సజీవముగా నుండును. రికార్డు సంగతి వేరు. అది విడుదలైన సంవత్సరము ముగిసిన పిమ్మట 60 సంవత్సరములకు దానిపై కంపెనీకి గల హక్కు తీరిపోవును. పాత రికార్డుపై హక్కు తీరినది గదా యని అందలి పద్యములను ఎవరైనను తమ ఇష్టము వచ్చినట్లు అచ్చువేసి అమ్ముకొనుటకు వీలులేదు. ఇక గాయకుని హక్కునకు 1994 వరకు మన చట్టములో పేరే లేదు. ఘంటసాల గారు అంతకు 20 సంవత్సరములకు పూర్వమే, 1974లో, కన్నుమూసిరి. పేరులేని హక్కును ఏ న్యాయస్థానములోను అడుగుటకు వీలుండదు. హక్కులకు పేర్లు ఎంత అవసరమో చెప్పుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

పాట దేశమును దాటినపుడు ఈ పేర్ల సమస్య మరింత చిక్కుపడును. నేడు తెలుగుపాట దేశము దాటుట వింత కాదు. చంద్రబోసు గారు రచింపగా కీరవాణి గారు స్వరపరచిన 'నాటు నాటు' పాట 2023 మార్చిలో ఆస్కారు బహుమానమును పొందినది. అట్టి పాట ఒకటి స్పెయిను రాజధానియైన మాడ్రిడులో ఒక సభాభవనమున మ్రోగినదనుకొందము. ఆ భవనము యజమాని అక్కడి రచయితల సంఘమునకు రుసుము చెల్లించును. ఆ సంఘము తన ఖర్చు మినహాయించుకొని, పరస్పరమైన ఒప్పందమున్నచో, మిగిలిన సొమ్మును భారతదేశములోని సోదరసంఘమునకు పంపును. మన సంఘము దానిని కవికిని, స్వరకర్తకును, ప్రచురణకర్తకును పంచును. ఇట్టి సంఘములన్నిటికిని 1926లో పారిసులో స్థాపితమైన అంతర్జాతీయ సమాఖ్య ఒకటి కలదు. సొమ్ముతోపాటు కాగితములును ప్రయాణము చేయును. ఆ కాగితములపై మాటలు మొదట స్పానిషులో నుండును. తరువాత ఇంగ్లీషులోనికి మారును. చివరకు ఆ ఇంగ్లీషు కాగితము, తెలుగుమాత్రమే తెలిసిన కవి చేతికో, ఆయన భార్యాబిడ్డల చేతికో వచ్చును. ఈ మెట్లలో ఏ యొక్క మెట్టుపై మాట జారినను దానితో సొమ్ము జారును. ఒక్కొక్కమారు హక్కే జారును. కావున ఆ మాటల చరిత్రను కొంత పరిశీలింతము.

మొదటి చిక్కు మొదటి మాటతోనే వచ్చును. ఇంగ్లీషువారి 'కాపీరైటు' ప్రతిపై గల హక్కు. 1710లో అమలులోనికి వచ్చిన ఆన్ రాణి శాసనము మొదలు వారి దృష్టి పుస్తకపు ప్రతిపైనను, దానిని అచ్చువేయు వ్యాపారముపైనను నిలిచినది. ఫ్రెంచి విప్లవకాలములో, 1791లోను 1793లోను, వెలువడిన శాసనములు వేరుదారి త్రొక్కినవి. వాని దృష్టి ప్రతిపై గాక, దానిని సృజించిన మనిషిపై నిలిచినది. స్పెయిను ఆ దారిని అనుసరించినది. అక్కడ 1847లో ఒక చట్టము, 1879లో మరియొక చట్టము వెలువడినవి. ఈ రెండవ చట్టము రచయిత మరణానంతరము 80 సంవత్సరముల వరకు హక్కు నిచ్చినది. నేడక్కడ సాధారణ పరిమితి 70 సంవత్సరములు. వారు వాడు మాట 'దెరేచో దె ఔతోర్'. అనగా కర్తకు గల హక్కు. దీనిని ఇంగ్లీషులోనికి మార్చువారు అలవాటుగా 'కాపీరైటు' అని వ్రాయుదురు. చాలచోట్ల అది తప్పుకాదు. కాని 'ప్రతిపై హక్కు' అనినపుడు ప్రతి ఎవరి చేతిలో నుండునో వారే హక్కుదారులన్న భావన పాఠకునకు తోచును. 'కర్త హక్కు' అనినపుడు ప్రతి ఎవరి చేతిలోనున్నను కర్త గుర్తుకు వచ్చును. ఒకే వస్తువునకు రెండు పేర్లు. కాని ఆ పేర్లు చూచు దిక్కులు వేరు.

మన భాషలో ఈ మాట గడచిన దారి గమనింపదగినది. పాత తెలుగు పుస్తకముల ముఖపత్రములపై 'కాపీరైటు రిజిస్టర్డు' అనియు, 'సర్వస్వామ్యసంకలితము' అనియు, 'సర్వహక్కులు గ్రంథకర్తవి' అనియు ముద్రించెడివారు. నిఘంటువులకు ఎక్కిన మాట 'గ్రంథస్వామ్యము'. గ్రంథమునకు అది చక్కని మాటయే. కాని పాటకు? అచ్చుకు ఎక్కని బాణీకి? హిందీవారు శాసనము పేరులో 'ప్రతిలిప్యధికార్' అని ఇంగ్లీషును అక్షరము వెంట అక్షరముగా అనుసరించిరి. తమిళులు 'పదిప్పురిమై' యనగా ప్రచురణపై హక్కు అనిరి. కన్నడిగులు 'హక్కుస్వామ్య' అని, గ్రంథమును ప్రతిని రెంటిని విడిచి, హక్కును స్వామ్యమును జంటచేసిరి. మన 'గ్రంథస్వామ్యము'లో పాటకు చోటులేదు. కాబోలు, మన పాటకవులలో చాలమంది తమ పాటపై తమకు స్వామ్యమున్నదని కలనైన తలంపక, పాటకు ఇంతయని పుచ్చుకొని సంతకము పెట్టుచు వచ్చిరి.

పాటపై హక్కును వసూలుచేయు పద్ధతి ఎట్లు పుట్టినదో చెప్పు కథయొకటి కలదు. 1847లో పారిసు నగరమున ఎర్నెస్టు బూర్జే అను రచయిత ఒక పానశాలకు పోయెను. అక్కడి వాద్యబృందము ఆయన రచననే వాయించుచుండెను. ఆయన తాను త్రాగినదానికి సొమ్ము చెల్లించుటకు నిరాకరించెను. మీరు నా పాటకు సొమ్మీయలేదు. నేను మీ పానీయమునకు సొమ్మీయను, అనుట ఆయన వాదము. న్యాయస్థానము రచయితల పక్షమున తీర్పుచెప్పినది. కాని ప్రతి పానశాలకును ప్రతి రచయితయు తిరిగి వసూలు చేసికొనుట సాధ్యమా? అందుచేత 1851లో రచయితలు, స్వరకర్తలు, ప్రచురణకర్తలు కలిసి అక్కడ ఒక సంఘము పెట్టుకొనిరి.

స్పెయినులో ఈ కథ నాటకరంగముపై నడచినది. అక్కడ 'సార్సువేలా' యని మాటలు, పాటలు కలిసిన నాటకము కలదు. మన పద్యనాటకమువలె జనమునకు ప్రీతిపాత్రమైనది. దాని సంగీతప్రతులను స్వరకర్తలనుండి మొత్తముగా కొని, నకళ్లు తీయించి, నాటకసమాజములకు అద్దెకిచ్చు వ్యాపారులు 19వ శతాబ్దిలో బలపడిరి. వారిలో ఫ్లోరెన్సియో ఫిస్కోవిచ్ అగ్రగణ్యుడు. రచన ఎంత ప్రసిద్ధికెక్కినను, కర్తకు ముట్టినది మొదట ముట్టిన సొమ్మే. రూపెర్తో చాపీ అను స్వరకర్తయు, సినేసియో దెల్గాదో అను రచయితయు, మరికొందరును పూనుకొని 1899లో రచయితల సంఘమును స్థాపించిరి. నేడు స్పెయినులో రచయితల, ప్రచురణకర్తల సర్వసంఘముగా నున్నది దాని సంతతియే. ఆ పోరాటమునందు పదునెక్కిన మాటలే నేటి స్పానిషు పత్రములలోని మాటలు. వానిని ఇంగ్లీషు చేయువారు ఆ పోరాటమును మరచినచో, వ్యాపారి చేతినుండి రచయిత గెలుచుకొనినదానిని అనువాదములో మరల వ్యాపారికి ఒప్పగించినట్లగును.

దీనికి ముఖ్యమైన ఉదాహరణము 'సెసియోన్' అను మాట. నిఘంటువు చూచినచో అప్పగించుట యని అర్థము. ఇంగ్లీషు న్యాయభాషలో హక్కును అప్పగించుటకు రెండు వేర్వేరు మాటలు కలవు. ఒకటి హక్కును పూర్తిగా బదిలీచేయుట, 'అసైన్‌మెంటు'. రెండవది హక్కును తనయొద్దనే ఉంచుకొని వాడుకకు అనుమతి యిచ్చుట, 'లైసెన్సు'. స్పానిషు 'సెసియోన్' ఈ రెంటికిని చెల్లును. తొందరపడిన అనువాదకుడు సెసియోను కనబడినచోటనెల్ల 'అసైన్‌మెంటు' అని వ్రాసినచో, రెండేండ్ల వాడుకకు మాత్రమే యిచ్చిన పాట శాశ్వతముగా అమ్ముడుపోయినట్లు ఇంగ్లీషులో కనబడును.

ఈ భేదము మన పల్లెలలోని రైతుకు మేము క్రొత్తగా చెప్పవలసినది కాదు. గుంటూరును ఆనుకొనియున్న నల్లపాడు నల్లరేగడిలో ఒక ఎకరము చేనును మిరపకో ప్రత్తికో ఒక యేడాదికి కౌలుకిచ్చిన రైతు, తాను చేను అమ్మితినని ఎన్నడును అనడు. కౌలు వేరు, శుద్ధవిక్రయము వేరు. కౌలు మాట్లాడుకొనునపుడు ఏ చేను, ఎంత కాలము, ఎంత సొమ్ము అని తేల్చుకొందురు. గడువు తీరగానే చేను తిరిగి యజమానిది. సెసియోను చాలమారులు ఇట్టి కౌలు. ఏ హక్కు, ఎంత కాలము, ఏ దేశములో, ఏ విధముగా వాడుకొనుటకు అని అందులో వ్రాయవలెను. ఈ మాటకు ఇంగ్లీషు వ్రాయబోవువాడు మొదట పత్రము నంతను చదివి, ఇది కౌలా, విక్రయమా అని తేల్చుకొనిన పిమ్మటనే కలము పట్టవలెను.

ఇందులో మనకు ఆశ్చర్యము కలిగించు సామ్యము ఒకటి కలదు. స్పెయిను చట్టములోని 43వ అధికరణము ప్రకారము, హక్కు నిచ్చిన పత్రములో కాలము చెప్పకున్నచో దానిని 5 సంవత్సరములుగా భావింపవలెను. ప్రాంతము చెప్పకున్నచో, ఆ పత్రము జరిగిన దేశమునకే అది పరిమితము. మన చట్టములోని 19వ సెక్షను కూడ హక్కు బదిలీపత్రములో కాలము చెప్పకున్నచో 5 సంవత్సరములనియే చెప్పుచున్నది. ప్రాంతము చెప్పకున్నచో భారతదేశమునకే పరిమితమని చెప్పుచున్నది. వేల మైళ్ల దూరముననున్న రెండు దేశములు బలహీనుడైన రచయితకు ఒకే తీరున ఆసరా కల్పించినవి. అనువాదములో 'శాశ్వతముగా', 'సర్వత్ర' అను మాటలు మూలమున లేకయే చొరబడినచో, ఈ ఆసరా రెండు దేశములలోను వ్యర్థమగును. మూలమున లేని విశేషణము ఒకటి చేర్చుట కవిత్వములో అలంకారము కావచ్చును. ఒప్పందపత్రములో అది నష్టము.

రూపమున ఒకటిగా కనబడి అర్థమున వేరైన మాటలు మరికొన్ని కలవు. స్పానిషు 'ఎదితోర్' ఇంగ్లీషు 'ఎడిటరు' కాడు, అతడు ప్రచురణకర్త. రచయితల సంఘము పేరులో నున్న ఈ మాటను సంపాదకుడని భావించినచో, పత్రికాసంపాదకులు పాటల సొమ్ములో వాటా ఎందుకు పుచ్చుకొనుచున్నారో ఎవరికిని బోధపడదు. 'ఇంతేర్ప్రెతె' యనగా దుబాసి అను అర్థము కలదు. కాని సంగీతపత్రములో అతడు గాయకుడు లేక వాద్యకారుడు. 'కానోన్' ఖాళీ టేపులు, యంత్రములు మొదలైనవానిపై విధించు రుసుము. ఇంటిలో స్వంతముగా చేసికొను నకళ్ల వలన రచయితకు కలుగు నష్టమునకు అది పరిహారము. దానికి సంగీతశాస్త్రములో కానననెడి స్వరరచనతో ఎట్టి సంబంధమును లేదు. 'లికిదాసియోన్' అను మాటను చూచి ఇంగ్లీషువాడు కంపెనీ మూతపడినదని బెదరును. పాటల లెక్కలలో అది ప్రతి గడువునకు రచయితకు పంపు లెక్కపత్రము. గుంటూరు మిరపయార్డులో సరుకు అమ్మిన రైతు చేతికి వచ్చు పట్టీవంటిది. బస్తాలెన్ని, తూకమెంత, ధర యెంత, కమీషను ఎంత, చేతికి వచ్చునది యెంత అని పట్టీలో ఉన్నట్లే, పాట ఎన్నిమారులు మ్రోగినది, ఎంత వసూలైనది, సంఘము ఖర్చు ఎంత, రచయితకు ముట్టునది యెంత అని అందులో ఉండును. పట్టీ చదువుట వచ్చిన రైతు మోసపోడు. లెక్కపత్రము చదువుట వచ్చిన కవియు మోసపోడు.

ఈ మాటలు కొంత నవ్వు పుట్టించునవి. రాబోవునది అట్టిది కాదు. రికార్డు సంగీతమును బహిరంగముగా వాడుకొనువారు గాయకులకును రికార్డు నిర్మాతలకును 'ఎకితాతీవా', 'ఊనికా' అయిన ప్రతిఫలము నీయవలెనని స్పెయిను చట్టము చెప్పును. ఎకితాతీవా యనగా న్యాయమైనది. ఊనికా యనగా ఒక్కటే యైనది; గాయకులకు ఒకమారు, నిర్మాతలకు మరియొకమారు గాక, ఇరువురకును కలిపి ఒకేమారు ఇచ్చునది. ఇంగ్లీషు రూపమును పట్టుకొని ఊనికాను అపూర్వమైనదని వ్రాసినచో వాక్యము అర్థరహితమగును. అంతకంటె ప్రమాదకరము, ఎకితాతీవాను సమానమైనదని వ్రాయుట. సమానమనుటకు ఆ చట్టము వేరొక మాట వాడినది. ఆ ప్రతిఫలమును ఎట్లు పంచుకొనవలెనో గాయకులు, నిర్మాతలు తమలో తాము అంగీకారమునకు రాలేకపోయినచో 'పార్తెస్ ఇగ్వాలెస్', అనగా సమానభాగములుగా, పంచవలెనని తరువాతి వాక్యమే చెప్పుచున్నది. ఒకే అధికరణములో న్యాయము ఒకచోట, సమానము మరియొకచోట. రెంటికిని ఒకే మాట వాడిన అనువాదము చట్టమును సగము చంపినట్లే.

ఈ భేదము మనకేల? మన చట్టము ఎన్నుకొనిన మాట ఏదో చూచినచో తెలియును. 1914లో బ్రిటిషు ప్రభుత్వము తన చట్టమును ఇక్కడ అమలుపరచెను. స్వాతంత్ర్యానంతరము 1957లో మన పార్లమెంటు స్వంత చట్టము చేసినది. ఆ చట్టము సంగీతరచన యనగా వ్రాతలో నుంచిన స్వరకల్పనయే అని నిర్వచించినది. గురుముఖమున నేర్చుకొని, హార్మోనియము ముందు కూర్చుండి బాణీకట్టు దేశములో ఇది పరదేశపు కొలత. 1994 సవరణములో గాని ఆ నిర్వచనము మారలేదు. ఈలోగా 1969లో రచయితలకును స్వరకర్తలకును ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఏర్పడినది. సినిమాపాటలు బహిరంగముగా మ్రోగినపుడు రుసుము పుచ్చుకొను హక్కు తమదని ఆ సంఘము వాదింపగా, తూర్పు భారత చలనచిత్ర నిర్మాతల సంఘము ఎదిరించెను. 1977 మార్చిలో సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. నిర్మాత సొమ్మిచ్చి వ్రాయించుకొనినపుడు, ఒప్పందములో వేరుగా చెప్పకున్నచో, మొదటి స్వామి నిర్మాతయే అని ఆ తీర్పు సారాంశము. న్యాయమూర్తి కృష్ణయ్యరు గారు వేరుగా ఒక అనుబంధము వ్రాసి, పాటకు ప్రాణము పోయు గాయకునకు మన చట్టము ఏ హక్కును ఈయలేదని ఎత్తిచూపిరి.

ఆ తీర్పు వచ్చిన 35 సంవత్సరములకు, 2012లో, చట్టము మారినది. నేడు సినిమాపాట వ్రాసినవారును బాణీ కట్టినవారును హక్కును నిర్మాతకు బదిలీ చేసినను, ఆ పాట సినిమాహాలులో సినిమాతోపాటు గాక ఇతరత్ర వాడబడినపుడు వచ్చు ప్రతిఫలములో తమ వాటాను వదలుకొనలేరు. వదలుకొందుమని సంతకము పెట్టినను ఆ సంతకము చెల్లదు. తమ న్యాయవారసులకో, తమ సంఘమునకో తప్ప ఆ వాటాను మరియెవరికిని ఈయలేరు. ఆ వాటా ఎంత? చట్టము చెప్పినది 'సమానప్రాతిపదిక' అని. న్యాయమైన ప్రాతిపదిక యని కాదు. రైతుభాషలో చెప్పవలెనన్నచో అది సగపాలు. స్పానిషు పత్రములకు అలవాటుపడిన అనువాదకుడు మన చట్టములోని సమానమును న్యాయముగా మెత్తపరచినచో, సగపాలు రైతును యజమాని దయకు వదలినట్లగును. వారి న్యాయమును సమానముగా బిగించినచో, లేని సగమును అడిగి మనవారు భంగపడుదురు. రెండు మాటల నడుమ నున్న దూరము ఒక కుటుంబపు ఆదాయము.

పేర్లు స్థిరపడనందున కలుగు కలతకు 2017 మార్చిలో జరిగిన ఒక ఘటన సాక్ష్యము. అమెరికాలో కచేరీలు చేయుచుండిన గాయకులు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము గారికి, తమ అనుమతి లేనిదే తమ స్వరరచనలను పాడరాదని సంగీతదర్శకులు ఇళయరాజా గారినుండి న్యాయవాదిద్వారా నోటీసు అందినది. బాలసుబ్రహ్మణ్యము గారు ఆ సంగతిని తామే ప్రకటించిరి. అభిమానులు రెండు పక్షములుగా చీలి, పాట పాడినవారిదని కొందరు, బాణీ కట్టినవారిదని కొందరు వాదించుకొనిరి. ఇరువురును మహానుభావులే. వాదించినవారి చేతిలో మాత్రము 'పాట' యను ఒక్క మాటయే ఉన్నది. గాయకుని హక్కు ఆయన కంఠముతో ముద్రితమైన గానముపై. స్వరకర్త హక్కు స్వరరచనపై. కవి హక్కు సాహిత్యముపై. మూడింటికిని మూడు పేర్లు జనము నోట నున్నచో, ఆ వాదములో సగము పుట్టియుండెడిది కాదు.

అట్లని మన సంప్రదాయమునకు ఈ విషయమున మాటలే లేవనుట సరికాదు. సాహిత్యమును సంగీతమును ఒక్కరే సృజించిన మహనీయుని మనము వాగ్గేయకారుడందుము. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మన ఆకాశవాణికి గర్వకారణమైనవారు, ఆ మహనీయుల చరిత్రను 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'గా వ్రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందిరి. స్పానిషువారికి తానే వ్రాసి తానే పాడువానికి 'కంతౌతోర్' అను మాట కలదు. ఇంగ్లీషువారు దానికి రెండు మాటలు జతచేయవలసివచ్చినది. మన వాగ్గేయకారుడు వీరిరువురికంటెను ప్రాచీనుడు. ఆయన తన రచనలో ముద్ర ఉంచెడివాడు. క్షేత్రయ్య పదమునకు మువ్వగోపాల ముద్ర. త్యాగయ్య కీర్తనకు త్యాగరాజ ముద్ర. తాటాకులు చెదరినను, శిష్యులు దేశములు పట్టిపోయినను, ముద్ర కర్తను తెలిపెడిది. స్పెయిను చట్టము కర్తృత్వమును చాటుకొను హక్కును, రచనను వికృతపరుపనీయని హక్కును కలిపి 'మొరాల్' హక్కు లందురు. అవి అమ్ముటకును విడిచిపెట్టుటకును వీలుగానివి. మన చట్టములోని 57వ సెక్షను కూడ, హక్కు బదిలీ అయిన పిమ్మటను, కర్తకు ఇట్టి విశేషాధికారములను నిలిపి యుంచినది. దీనిని 'నైతికహక్కు' అని తెలుగుచేసినచో, చట్టముచేత చెల్లనిది, మనస్సాక్షికి మాత్రమే సంబంధించినది అని వినువారు పొరపడుదురు. 'కర్తృగౌరవహక్కు' అనినచో సంగతి సూటిగా తెలియును. పూర్వుల ముద్రయే నేటి శాసనములో ఈ రూపము దాల్చినదని చెప్పవచ్చును.

ముద్రనుండి మనిషి పేరునకు వత్తము. స్పెయినులో మనిషికి వ్యక్తినామము తరువాత రెండు ఇంటిపేర్లు వచ్చును. సాధారణముగా ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. ఇంగ్లీషువారికి చివరనుండునదే ఇంటిపేరు. మనకు ఇంటిపేరు మొదట వచ్చును. పెక్కుచోట్ల ఒక పొడి అక్షరముగా కుదించుకొనును. స్పానిషు పట్టికలోని రెండు గడులలో మన కవి పేరును నింపవలసినపుడు, వ్యక్తినామము ఇంటిపేరుగాను, ఇంటిపేరు వ్యక్తినామముగాను మారుటకు అవకాశము కలదు. ఒకే కవి రెండు పట్టికలలో ఇద్దరు కవులగును. ఈ చిక్కు నివారించుటకే సంఘములు ప్రతి రచయితకును ఒక అంకెను, ప్రతి రచనకును మరియొక అంకెను అంతర్జాతీయముగా కేటాయించుచున్నవి. పేరు ఏ లిపిలో ఎట్లు మారినను అంకె మారదు. తమ అంకె ఏదో తెలిసియుండుట నేటి పాటకవికి ఇంటి పట్టా చేతనుండుటవంటిది.

రేడియోలో పనిచేయు మాకు ఈ విషయము దూరపు సంగతి కాదు. పాట ప్రసారమైన పిమ్మట దాని పేరును, వ్రాసినవారిని, స్వరపరచినవారిని, పాడినవారిని, నిడివిని లెక్కలో చేర్చుట ఈ వృత్తిలో నిత్యకృత్యము. ఆ వరుసలో ఒక గడి ఖాళీగా నున్నచో, పంచువారికి ఆ కర్త లేనట్లే. 'రచన: అజ్ఞాతము' అని తొందరలో వ్రాయు ముందు, ఆ అజ్ఞాతుని ఇంటిలో దీపము వెలుగవలసియుండునేమో యని తలచుట మా ధర్మము.

కావున మేము సూచించునది పెద్ద సంస్కరణము కాదు. స్పానిషునుండి ఇంగ్లీషునకు మార్చువారు మాట రూపమును గాక మాట చేయు పనిని అనువదింపవలెను. ఇంగ్లీషునుండి తెలుగునకు మార్చువారు సంస్కృతసమాసముల వెనుక దాగక, మనవారికి చిరపరిచితములైన మాటలను వాడవలెను. పూర్తి బదిలీకి హక్కు విక్రయము, వాడుకకు మాత్రమే యిచ్చినదానికి హక్కు కౌలు, లెక్కపత్రమునకు పట్టీ, సమానప్రాతిపదికకు సగపాలు, న్యాయమైన ప్రతిఫలమునకు న్యాయపాలు, రచయిత హక్కునకు కర్తృహక్కు, ఆతని పేరును రచన రూపమును కాపాడు హక్కునకు కర్తృగౌరవహక్కు. ఇవి న్యాయవాదులకు మోటుగా తోచవచ్చును. కాని సంతకము పెట్టువాడు న్యాయవాది కాడు. తన తండ్రి వ్రాసిన పాటకై వచ్చిన కాగితమును చేతబట్టుకొని, ఎక్కడ వ్రేలు పెట్టవలెనో తెలియక నిలిచిన కుమారుడో కుమార్తెయో. ఆ కాగితములో నున్నది కౌలా, విక్రయమా అని వారు అడుగగలిగిననాడు, పాటపై హక్కునకు తెలుగులో పేరు దొరకినట్లే.